కార్టిసాల్‌పై కత్తి కట్టిన పొడులు

రుమటాయిడ్ కీళ్లవాతానికి మూలం మానసిక ఒత్తిడేననీ, ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ అనే హార్మోన్‌ను ఒంట్లోంచి కడిగేస్తే కీళ్లు వాటంతటవే కుదుటపడతాయనీ బోధించే సరికొత్త వైద్యం ఒకటి యూట్యూబ్‌లో దివ్యంగా వర్ధిల్లుతున్నది. ఈ వైద్యానికి రక్తపరీక్షలతో పని లేదు. పరగడుపున గోరువెచ్చని నీళ్లలో కలుపుకొని తాగే ఒక పొడి, అది అమ్మేవారి ఫోన్ నంబరు ఉంటే చాలు.

ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి కీళ్ల లోపలి పొరపైనే దాడి చేయడం ఈ వ్యాధి లక్షణం కాగా, మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు స్రవించే కార్టిసాల్ ఆ దాడిని అణచే హార్మోన్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం, కార్టిసాల్‌కు అతి దగ్గరిదైన కార్టిసోన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే, ఈ వ్యాధితో కదలలేని స్థితిలో ఉన్న యువతి కొద్ది రోజుల్లోనే నడవగలిగింది. అడ్రినల్ హార్మోన్లపై పరిశోధనకు హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లు 1950లో నోబెల్ బహుమతి అందుకున్నారన్న కబురు పొడి పండితులకు ఇంకా చేరినట్టు లేదు.

ఒత్తిడికి ఈ వ్యాధితో సంబంధమే లేదని కాదు. ఒత్తిడి నెలల తరబడి సాగితే రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట వినడం తగ్గించవచ్చు. అప్పుడు వాపు మరింత పెరుగుతుంది. పైగా ఈ రోగుల్లో చాలామందికి కార్టిసాల్ మోతాదు మామూలుగానే కనిపించినా, ఉన్న వాపుకు అది చాలదు. రాత్రివేళ ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు కారకాలు పెరుగుతుంటే, తెల్లవారుజామున ఊరే కార్టిసాల్ వాటిని పూర్తిగా అణచలేకపోతుంది గనుక, నిద్ర లేచాక పిడికిలి బిగియదు, కుళాయి తిప్పడానికి వేళ్లు సహకరించవు. అటువంటి వారికి కార్టిసాల్ తగ్గించుకొమ్మని చెప్పడం కరువు ఊళ్లో చెరువుకు గండి కొట్టమనడమే.

ఈ వ్యాధి పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి, "అతిగా ఆలోచిస్తావు, అందుకే ఈ నొప్పులు" అన్న తీర్పు కూడా ఎక్కువగా వారికే దక్కుతున్నది. గోరుచుట్టుపై రోకటిపోటు వంటి ఈ తీర్పు చెప్పేవారిలో ఎందరు ఆమె చేతిలోని అంట్లగిన్నె అందుకుంటారన్నది మాత్రం ఇంకా తేలని విషయం.

అసలు వింత ఇంకొకటి ఉన్నది. కీళ్లనొప్పులకని అమ్మిన పొడుల్లో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన ఉదంతాలు మన దేశంలోనే ఉన్నాయి. స్టెరాయిడ్ అంటే కార్టిసాల్‌లా పనిచేసే మందే కాబట్టి, కార్టిసాల్‌ను తరిమేస్తానన్న పొట్లం కార్టిసాల్ వేషంలోనే ఉపశమనం ఇస్తుంది. దానితోపాటు ఉబ్బిన ముఖాన్ని, పెరిగిన చక్కెరను, గుల్లబారిన ఎముకలను ఉచితంగా అందిస్తుంది. ఈ వ్యాధిని అదుపులో ఉంచడానికి వారానికి ఒక్కసారి వేసుకొనే మెథోట్రెక్సేట్ అనే మందును ఆ పొట్లాన్ని నమ్మి మానేస్తే, లోపల కీలు అరిగిపోతూనే ఉంటుంది. కనుక మూడు రోజుల్లో నొప్పి మాయం చేసిన పొడికి దండం పెట్టేముందు, దాన్ని ల్యాబ్‌లో పరీక్షింపజేయడం మంచిది.