యాభై రాష్ట్రాలూ సగటు కంటే పైనే!

అమెరికాలో వెస్ట్ వర్జీనియా పేరు చెబితే బొగ్గు గనులు గుర్తుకొస్తాయి. డిగ్రీ పట్టాల లెక్కలో ఆ రాష్ట్రం ఎప్పుడూ వెనక బెంచీయే. అలాంటిది 1980ల్లో అక్కడి ప్రాథమిక పాఠశాలల పిల్లలు దేశ సగటును దాటేశారని ప్రకటన వెలువడింది. అధికారులు పొంగిపోయారు. జాన్ కానెల్ అనే డాక్టరుకు మాత్రం గొంతు దిగలేదు. తన దగ్గరికొచ్చే పిల్లల్లో కొందరికి చదవడమే సరిగా రాదు. బడివాళ్లిచ్చిన కాగితంలో చూస్తే అంతా భేష్. ఒళ్లు కాలిపోతుంటే థర్మామీటరు నార్మల్ అంటోందంటే, అనుమానించాల్సింది థర్మామీటరునే కదా.

మనమే సగటుకు పైన ఉంటే మరి కింద ఉన్నదెవరు? ఈ ప్రశ్న పట్టుకుని ఆయన రాష్ట్రాలన్నిటినీ వాకబు చేశాడు. 1987లో నివేదిక బయటపెట్టాడు. ప్రాథమిక స్థాయిలో సగటు కంటే కింద ఉన్న రాష్ట్రం ఒక్కటీ లేదు! యాభైకి యాభై పైనే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు చేపలు మాయం. గ్యారిసన్ కీలర్ రేడియో కార్యక్రమంలో పిల్లలందరూ సగటును మించిపోయిన ఊహా పట్టణం ఒకటుండేది. దాని పేరుమీదే ఈ వింతకు 'లేక్ వోబెగాన్ ఎఫెక్ట్' అని పేరు స్థిరపడింది.

ఇందులో గారడీ ఏమీ లేదు, వ్యాపారం ఉంది. 1920ల్లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ అచీవ్‌మెంట్ టెస్టు, 1935లో మొదలైన అయోవా టెస్టు, కాలిఫోర్నియా పేరుతో మరొకటి... ఇలా బజార్లో రకరకాల పరీక్షలు. ముందు కొంతమంది పిల్లలకు పరీక్ష పెట్టి, వాళ్ల మధ్య స్థానాన్ని 'జాతీయ సగటు' అంటారు. ఇది ఖర్చుతో కూడిన పని కనుక ఏళ్ల తరబడి అదే సగటుతో నెట్టుకొస్తారు. అంటే ఈ ఏటి పిల్లవాడి పోటీ పక్క బెంచీవాడితో కాదు, ఎప్పుడో పరీక్ష రాసి హైస్కూలుకు వెళ్లిపోయిన వాడితో. పైగా ప్రశ్నపత్రం కూడా ఏటేటా అదే. రెండో ఏటికి టీచరుకు, మూడో ఏటికి గోడలకు కూడా జవాబులు వచ్చేస్తాయి.

ఓ చిన్న జిల్లా విద్యాధికారినంటూ కానెల్ ఒక పరీక్షల కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల సేల్స్ ఉద్యోగిని మాటల సారం ఏమిటంటే, పాత పరీక్ష కొనుక్కుంటే జిల్లా మొదటి ఏడాదే సగటుకు పైన తేలుతుంది. ఏ టెస్టు కొంటే ఎంత ఎత్తు కనిపిస్తామో చూసుకుని బేరం చేసుకోవచ్చన్నమాట. ఈ వెసులుబాటు బట్టల కొట్లో కూడా ఉండదు. డాక్టరుగారి లెక్కలు ఒప్పో తప్పో తేల్చాలని నిపుణులు మళ్లీ లెక్కలు వేశారు. 1990లో ఫలితం వచ్చింది. డాక్టరు చెప్పింది చాలావరకు నిజమే.

తర్వాత 2002లో కొత్త చట్టం వచ్చింది. పిల్లలందరూ నిర్ణీత స్థాయికి చేరాలంది; ఆ స్థాయి ఏమిటో మాత్రం ఏ రాష్ట్రానికారాష్ట్రమే నిర్ణయించుకోవచ్చంది! దొంగ చేతికే తాళాలిచ్చినట్టయింది. 2005లో మిసిసిపీ సొంత పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 89 శాతం చదవడంలో 'నేర్పరులు'. అదే ఏడాది నేప్ అనే జాతీయ పరీక్షలో 18 శాతం. నేప్ గీత బాగా ఎత్తున ఉంటుందన్న మాట నిజమే, కానీ మరీ ఇంత తేడానా? నేప్‌లో ఏ పిల్లవాడికీ మార్కులివ్వరు, ఏ టీచరుకూ పేరు రాదు. అందుకే కాపీ కొట్టించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ విద్యలో మనవాళ్లూ తీసిపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో పరిశోధకులు ప్రభుత్వ పరీక్షను రెండు విధాలుగా పెట్టించి చూశారు: కొన్నిచోట్ల టీచర్ల పర్యవేక్షణలో కాగితం మీద, కొన్నిచోట్ల ట్యాబ్‌లో. కాగితం మీద పిల్లల చదువు పొంగి పొర్లింది. ట్యాబ్ మార్కులు మాత్రం బయటివాళ్లు విడిగా పెట్టిన పరీక్షతో ఇంచుమించు సరిపోయాయి. చదువు కాగితానికే అంతగా అంటుకుందంటే, పక్కనున్న సారు దయ కూడా కొంత కలిసి ఉంటుంది.

దేశం మొత్తమ్మీదా ఇదే తంతు. కేంద్రం వారి న్యాస్ సర్వేలో బడిలో కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకదానికి గుడ్డిగా గుర్తు పెట్టినా సగటున పాతిక శాతం దక్కేది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వారి అసర్ సర్వే బృందం పల్లెలో ఇంటికే వచ్చి, చేతికి కథ ఇచ్చి చదవమంటుంది. అక్కడ గుడ్డి గుర్తు పనిచేయదు. 2024 అసర్ ప్రకారం ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 44.8 శాతమే.

ఇక అంతర్జాతీయ పరీక్ష పీసా. 2009 విడతకు మన దేశం హిమాచల్‌ప్రదేశ్‌ను, తమిళనాడును ముందుకు తోసింది. తెలుగువాళ్లం బతికిపోయాం. 74 జట్లలో ఆ రెండూ కిర్గిజ్‌స్థాన్‌తో పాటు చిట్టచివర ఆగాయి. ప్రశ్నలు మన సంస్కృతికి తగినట్టు లేవని ఢిల్లీ అలిగింది. 2012, 2015, 2018 విడతలకు వెళ్లలేదు. 2019లో అలక మాని ఒప్పందం మీద సంతకం చేసింది. ఈసారి దేశం తరఫున ఎంపికైనవి చండీగఢ్, కేంద్రీయ విద్యాలయాలు, ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే నవోదయలు. కోవిడ్ వల్ల 2021 పరీక్ష 2022కు వాయిదా పడింది. తీరా ఫలితాలొచ్చాక చూస్తే, ఆ ఏరుకున్న జట్టు కూడా బరిలోకి దిగలేదు.