అలవాటు అనే నా చాకిరీ

నేను బీటా-ఎండార్ఫిన్‌ను, 31 అమైనో ఆమ్లాల గొలుసును. పీయూష గ్రంథిలోనూ మెదడులోనూ పుడతాను. 1975లో అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ పంది మెదడులోంచి నా దాయాదులైన ఎన్‌కెఫలిన్లను పట్టుకున్నారు. మరుసటి ఏడాదే నేనూ దొరికిపోయాను. మార్ఫిన్ వాలే గ్రాహకాల మీదే నేనూ వాలతాను. నిజానికి అవి నావి, పరాయిది మార్ఫినే. నేను వాలగానే నొప్పి కబురు మోసే రసాయనాలు నరం కొస దగ్గరే తగ్గిపోతాయి.

జనగామలో ముత్తాదు ఒరుసుకుని కమిలిన గీత కార్మికుడి నడుముకైనా, భూపాలపల్లి బొగ్గుబావిలో అరిగిన మోకాలికైనా, మహబూబాబాద్ మిర్చి చేలో పొద్దంతా వంగి ఏరే ఆమె వెన్నుకైనా నా చాకిరీ ఒకటే. ఏళ్ల నొప్పిని వాళ్లు ‘అలవాటైంది’ అని కొట్టిపారేస్తారు. ఆ అలవాటు మొండితనం కాదు, శరీరం చేసే పని అంటాను. మాంచెస్టర్ పరిశోధకులు 17 మంది కీళ్లవాత రోగుల మెదళ్లను, 9 మంది ఆరోగ్యవంతుల మెదళ్లను స్కాన్ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. రోగుల్లో ఈమధ్య నొప్పి ఎక్కువపడ్డవారికి ఖాళీ గ్రాహకాలు ఎక్కువగా కనిపించాయి.

గ్రాహకాలు ఖాళీగా ఉన్నాయంటే నేనే కరువయ్యానేమో అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఆ ఖాళీలు ఎక్కువున్నవారే వేడి సెగకు ఎక్కువ ఓర్చుకున్నారు. నా కరువే కారణమైతే ఆ ఓర్పు ఎక్కడిది? ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాలో ఇందుకు విరుద్ధంగా, అందుబాటులోని గ్రాహకాలు తగ్గినట్టు 2007లో మిషిగన్ పరిశోధకులు చూపారు. కాదనను. అన్ని నొప్పులకూ శరీరం ఒకే తీరున బదులివ్వదు, పైగా 26 మందితో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. ఇంత చేస్తే నొప్పి ఎందుకు పోలేదంటారా? నేను కబురును అణచగలను గానీ అరిగిన కీలును అతకలేను. ఎంజైములు నన్ను ముక్కలు చేస్తూనే ఉంటాయి. ఇటు నేను అణుస్తుంటే, ఎడతెగని నొప్పి అటు వెన్నుపాము నరాలను మరింత సున్నితం చేస్తుంది.

కాబట్టి ఓర్చుకోవడాన్ని నొప్పి తక్కువనడానికి సాక్ష్యంగా తీసుకోవద్దు. డాక్టర్లకూ మేస్త్రీలకూ ఇంటివాళ్లకూ నా మనవి: ‘అలవాటైంది సారూ’ అన్న మనిషిని గోళీ ఇచ్చి పంపేయకండి. ఎక్కడ, ఎన్నాళ్లనుంచి, రాత్రి నిద్ర పడుతోందా అని కూర్చోబెట్టి అడగండి.