టీకాకే పాజిటివ్!

జగిత్యాల నుంచి గల్ఫ్‌కు బయల్దేరే కుర్రాడొకడు ఉన్నాడనుకోండి. ముందుచూపున్నవాడు. మెడికల్ పరీక్షకు వారం ముందే హెపటైటిస్ బి టీకా వేయించుకున్నాడు. రక్తం ఇచ్చాడు. హెపటైటిస్ బి జాడ వెతికే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష పాజిటివ్! ‘అన్‌ఫిట్’ అని రాసి పంపించారు. ఊళ్లో కామెర్లవాడన్నారు, పసరు మింగించారు. మాటలదాకా వచ్చిన పెళ్లి సంబంధం మాట మార్చింది.

ల్యాబు అబద్ధమాడిందా? అబ్బే, నిక్కచ్చిగా నిజమే చెప్పింది. వైరస్ పైపొరలో ఉండే ప్రోటీన్‌నే ఈస్ట్‌లో తయారుచేసి, శుద్ధిచేసి సీసాకెత్తితే ఆ టీకా. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ఈ విద్య ఒడిసిపట్టి దేశవాళీ టీకా తెస్తే కాలరెగరేసింది మనమే. పరీక్ష వెతికేదీ ఆ ప్రోటీన్‌నే. టీకా పడ్డాక కొందరి రక్తంలో అది 18 రోజుల దాకా కనబడొచ్చు. అంటే మిషను పట్టుకున్నది దొంగను కాదు, ఠాణా గోడమీది దొంగ ఫొటోను.

‘టీకా ఎప్పుడు వేయించుకున్నావు బాబూ?’ అని ఒక్కరడిగితే సరిపోయేది. తాతగారి పేరు కూడా అడుగుతారు గానీ అదొక్కటి అడగరు. అనుమానమొస్తే కోర్ యాంటీబాడీ పరీక్ష ఉంది. అసలు వైరస్ సోకినవాడి ఒంట్లోనే ఆ యాంటీబాడీ పుడుతుంది, టీకాతో పుట్టదు. రాసే ఓపికెవరికి?

ఇక ఉచిత టీకా శిబిరాలు! బ్యానరు, దండలు, ముఖ్య అతిథి. ఫొటోలో సూది బాగా పడుతుంది గనుక టీకా ముందు, పరీక్ష తర్వాత. రక్తం తీసి, అదే కుర్చీలో టీకా పొడిస్తే గొడవే లేదు. వరస మార్చడానికి పైసా ఖర్చు కాదు. ఖర్చు లేని పనికి టెండరుండదు, టెండరు లేని పని ఎవరికి పడుతుంది?

తొందరరాయుళ్లది ఇంకో తంతు. మొదటి డోసు పడ్డ మర్నాడే ‘పవర్ ఎక్కిందా’ అని యాంటీబాడీ టెస్టుకు పరుగు. 0, 1, 6 నెలల మూడు డోసులూ పూర్తయ్యాక, ఒకటి రెండు నెలలకు చూడాల్సిన లెక్క అది. బిల్లు పుడుతుంటే ఆపేదెవరు?

మన కుర్రాణ్ని నెలాగి మళ్లీ రమ్మన్నారు. బుద్ధిగా ఆగాడు. నెల నిండేసరికి రెండో డోసు తేదీ వచ్చింది.

“రెండోది కూడా ఏపిచ్చుకో తమ్మీ, తెల్లారి మెడికల్‌కు పోదువు. ఈసారి ఫికర్ లేదు” అని ఏజెంటు అభయమిచ్చాడు.