‘వుయ్’లో నేనున్ననా?

పోయిన బుధవారం మా కొడుకు హైదరాబాదు నుంచి ఫోనులో ఒక్క ముక్క పంపాడు: ‘వుయ్ ఆర్ గోయింగ్ టు బీదర్ ఆన్ సండే.’ అప్పట్నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు.

“ఏం రాసిండు?” అంది మా ఆవిడ.

“ఐతారం బీదరు పోతున్నరట.”

“ఆళ్లేనా, మనం గూడనా?”

అక్కడ పడింది మెలిక. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఇంగ్లీషు ఫైళ్లు రాసినవాణ్ని. ‘విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్’ అని నిద్రలో లేపి అడిగినా రెండు పేజీలు దించుతాను. అట్లాంటిది ఏడు మాటల వాక్యంలో మొదటి మాట దగ్గరే బండి దిగబడింది.

తెలుగులో ఈ పంచాయితీయే లేదు. వినేవాణ్ని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. మూడేళ్ల పిల్ల ‘మేము చాక్లెట్ తింటం’ అన్నదంటే నీ చెయ్యి జేబులోనే పెట్టుకొమ్మని అర్థం. ఇంగ్లీషువాడు మాత్రం సముద్రాలు దాటి దేశాలకు దేశాలు కలుపుకున్నాడు గాని, ఎదుట నిలబడ్డ మనిషిని కలుపుకున్నాడో లేదో తేల్చే మాట ఒక్కటి చేసుకోలేదు.

ఫోను చేసి అడగరాదా అంటారు. ఏమని అడగాలి? ‘బిడ్డా, నీ వుయ్‌లో నేనున్ననా?’ అనా? పెన్షనరైతే మాత్రం ఇజ్జత్ ఉండదా?

చాయ్ హోటలుకు పోయి, రిటైరైన ఇంగ్లీషు సారును పట్టుకున్నాను. ఆయనకు రెన్ అండ్ మార్టిన్ గ్రామరు కంఠతా వచ్చు. “వుయ్, ఫస్ట్ పర్సన్, ప్లూరల్” అన్నాడు. ఆ తర్వాత చాయ్ తాగాడు. అంతే. ఆ రెన్ దొర వ్యాకరణంతో ఊరుకోలేదట. ఫ్రెంచి పటాలంలో చేరిన ముగ్గురు అన్నదమ్ముల మీద 1924లో ‘బో జెస్ట్’ అని నవల కూడా రాశాడట. అన్నెవరో తమ్ముడెవరో తేలని ‘బ్రదర్’ అనే మాటతో నవలంతా ఈదినవాడికి వుయ్ ఒక లెక్కా!

హోటల్లో మాట మిగతా బల్లలకు పాకింది. మా నారాయణఖేడులో ఏ మాట ఎత్తినా నాలుగు భాషల్లో జవాబొస్తుంది. 1956 దాకా మాది బీదరు జిల్లా. ఊరి పేరులోని ఖేడే మరాఠీ. బట్టల సేటు, “మాకూ మీలెక్కనే ఉన్నయి, మేముకు ఆమ్హీ, మనకు ఆపణ్” అని మా పక్షం చేరాడు. కన్నడం మాట్లాడే కిరాణా ఆయన “మాకు రెండింటికీ నావు ఒక్కటే” అని తలవంచుకున్నాడు. దర్జీ అన్న తీరే వేరు. ఆయన ఒంటరిగా వస్తూ కూడా ‘హమ్ ఆతే’ అంటాడు. వెనక ఎవరున్నారా అని నేను ఎన్నిసార్లు తొంగిచూశానో లెక్కలేదు.

అప్పుడు సారు చాయ్ గ్లాసు దించి అసలు సంగతి చెప్పాడు. పపువా న్యూగినీ అనే దేశంలో టోక్ పిసిన్ అని ఒక భాష ఉందట. మాటలు చాలామటుకు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నవే. కాని వాళ్లు వుయ్‌ని మాత్రం గడప తొక్కనివ్వలేదు. ‘యూ’ను ‘మీ’ను అతికించి, మనం అనడానికి ‘యుమి’ చేసుకున్నారు. ‘మీ’కి ‘ఫెలో’ తగిలించి, మేము అనడానికి ‘మిపెలా’ చేసుకున్నారు. దొర ఇచ్చిన చినిగిన అంగీకి మాసిక వేసుకొని తొడుక్కున్నారన్నమాట. మనమేమో ఆ చినుగునే ఫ్యాషననుకొని తిరుగుతున్నాం. ఏ, యాన్, ది ఎక్కడ పెట్టాలో చెప్పడానికి చేతులు వాచేట్టు కొట్టారు గాని, ‘జాగ్రత్త బిడ్డా, ఈ భాషలో నువ్వు లోపలున్నావో బయటున్నావో తెలియదు’ అని ఒక్క సారూ చెప్పలేదు.

పక్కింటి పిల్లవాడి బడి పుస్తకం కూడా తిరగేశాను. 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చేసి ఇస్తున్నారు. మా వాడు కూడా పక్కన తెలుగు పేజీ పెట్టి పంపితే ఎంత బాగుండేది!

శుక్రవారం రాత్రి భూగోళం గుర్తొచ్చింది. హైదరాబాదు నుంచి బీదరుకు దారి జహీరాబాదు మీదుగా. మా ఊరు ఆ దారిలో లేదు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. ఆమె అప్పటికే ఝరణీ నరసింహస్వామి గుహలో నీళ్లలో నడవాలని పాత చీర తీసి పెట్టింది. శనివారం జొన్నరొట్టెలు చేసి మూట కట్టింది. నేను ధోతి ఇస్త్రీ చేయించాను.

ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. “నాయినా, మేము జహీరాబాద్ దాటినం.”

తెలుగులోనే చెప్పాడు. ఇక డౌటు లేదు.

నాకు సంగారెడ్డి బదిలీ అయిన ఏడు గుర్తొచ్చింది. మా నాయిన బీదరు జిల్లా కాలం మనిషి, నాలుగు భాషలొచ్చు. నేను చెప్పేటప్పటికి అరుగు మీద గొంగడి మడతపెడుతున్నాడు. “మేము సంగారెడ్డి పోతున్నం నాయినా” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మడతపెట్టిన గొంగడి విప్పి మళ్లీ మంచం మీద పరుచుకున్నాడు. అదే ఇంగ్లీషులో చెప్పి ఉంటే, నాలాగే నాలుగు రోజులన్నా ఆశగా ఉండేవాడు.

మధ్యాహ్నం మనవరాలు బీదరు కోట ముందు దిగిన ఫొటో పంపింది. కింద ‘వుయ్ మిస్ యూ తాతా’ అని రాసింది. ‘యూ’ విడిగా కూర్చుంది కాబట్టి ఈ వుయ్ మేమే. సారును అడిగే పని లేదు.

“రొట్టెలు గట్టివడుతున్నయ్” అంది మా ఆవిడ, మూట విప్పుతూ. “మనమన్న తిందాం పాండ్రి.”