ఎఱ్ఱ అక్షరానికి టీకా తాత్పర్యం

తే. ఎఱ్ఱ యక్షరమును మోసి యేగువాఁడు
అద్దమును జూచి సైగతో నవల జరిగి
మౌనగురువుండ నెడమను మాటలేక
ఒక్క తప్పున గెలుపెల్ల నోడుఁ గాదె!

అవతారిక. ఈ పద్యం ఎవరిదో తెలియదు. ఎక్కడిదో మాత్రం పద్యమే పట్టిస్తుంది. గురువు ఎడమ పక్కన కూర్చున్నాడు, అంటే స్టీరింగు కుడివైపు ఉంది. కాబట్టి అమెరికా కాదు, జర్మనీ కాదు. అక్షరం ఎఱ్ఱగా ఉంది. కాబట్టి ఆస్ట్రేలియా కాదు, అక్కడ చాలా రాష్ట్రాల్లో పసుపు పలక మీద నల్ల అక్షరం. మరి మనకీ కుడి స్టీరింగే, మనకీ ఎఱ్ఱ ఎల్లే కదా, మన దేశమే ఎందుకు కాకూడదు అని శంక. మూడో పాదం ఒప్పుకోదు. మన బ్రేక్ ఇన్‌స్పెక్టరు చాలాచోట్ల కారులోనే ఉండడు, ట్రాక్ పక్కన నిలబడతాడు. కారులో ఉన్నచోట మౌనంగా ఉండడు. ఇక మిగిలింది బ్రిటన్. (ఐర్లండ్ అనే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో మనకు పేచీ లేదు.)

ఎఱ్ఱ అక్షరం నేర్చుకునేవాడి గుర్తు కదా, అయితే ఇతనికి కారు నడపడం రాదన్నమాట అని తొందరపడకూడదు. బ్రిటన్‌లో కాపురం పెట్టినవాడు మన లైసెన్సుతోనే 12 నెలలు కారు నడుపుకోవచ్చు. పలక అక్కర్లేదు, పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు. పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, మోటార్‌వే మీద 70 మైళ్ళ వేగంతో స్కాట్లండ్ దాకా పోయి రావచ్చు. 12 నెలలు నిండిన మర్నాడు అదే మనిషి, అదే కారు, అదే రోడ్డు. కానీ ఇప్పుడతను లెర్నర్. ముందొక పలక, వెనకొక పలక, పక్కన 21 ఏళ్ళు నిండి మూడేళ్ళుగా లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. నిన్నటిదాకా వెనక సీట్లో నిద్రపోయిన అక్క కొడుకు, అక్కడే పుట్టి పెరిగినవాడు, ఇవాళ ముందు సీట్లోకి వచ్చి "మామయ్యా, స్లో, స్లో" అంటాడు.

రాత్రికి రాత్రి విద్య ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. జపాన్, సింగపూర్, దక్షిణాఫ్రికా, జింబాబ్వే లైసెన్సులను పరీక్ష లేకుండా బ్రిటిష్ లైసెన్సుగా మార్చి ఇస్తారు. యూఏఈ లైసెన్సునూ మారుస్తారు. ఆ జాబితాలో మన పేరు లేదు. అందుకని దుబాయిలో పరీక్ష నెగ్గి అక్కడ నాలుగేళ్ళు నడిపిన కరీంనగర్ తమ్ముడు, లండన్ వచ్చాక కాగితాలు పోస్టులో పంపి కార్డు తెప్పించుకుంటాడు. హైదరాబాదులో పదిహేనేళ్ళు నడిపిన అన్న పలక కట్టుకుంటాడు. లైసెన్సు అనేది మనిషికీ బండికీ మధ్య సంబంధమని మనం అనుకుంటాం. అది రెండు ప్రభుత్వాల మధ్య సంబంధం. మనిషి మధ్యలో స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు, అంతే.

అధికారి నిర్ణయం. ఏ శాస్త్రానికైనా అది చదవడానికి అర్హుడెవరో ముందు తేల్చాలి. థియరీ నెగ్గినవాడే దీనికి అర్హుడు. కవి ఆ సంగతి పద్యంలో ఎత్తలేదు. 50 ప్రశ్నల్లో 43 సరిగ్గా రావాలి. అది మనకొక లెక్క కాదు, ఎంసెట్ రాసిన జాతి మనది. 30 మైళ్ళ వేగంలో బండి ఆగడానికి 23 మీటర్లు, 70 మైళ్ళలో 96 మీటర్లు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. పెలికాన్, పఫిన్, టూకాన్ అనే పక్షులూ, గుర్రపు రౌతుల కోసం పెగాసస్ అనే రెక్కల గుర్రమూ రోడ్డు దాటే చోట్లకు పేర్లై ఉన్నాయనీ, పెలికాన్ దగ్గర మినుకుమనే పసుపు లైటు పఫిన్ దగ్గర మినుకుమనదనీ బట్టీ పడతాం.

చిక్కంతా రెండో భాగంలో ఉంది. వీడియోలు 14, వాటిలో ప్రమాదాలు 15, ఒక్కో ప్రమాదానికి 5 మార్కుల దాకా, మొత్తం 75కి 44 రావాలి. తెర మీద రోడ్డు కదులుతూ ఉంటుంది. ప్రమాదం పుడుతున్నట్టు కనిపించగానే మౌస్ నొక్కాలి. ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి. మరీ ముందే నొక్కితే సున్నా. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఆరితేరిన చెయ్యి సరిగ్గా ఇక్కడ దెబ్బతింటుంది. ఆగి ఉన్న వ్యాన్ కనిపించగానే దాని వెనక నుంచి ఒకడు ఊడిపడతాడని మనకు తెలుసు. నొక్కేస్తాం. కంప్యూటరు లెక్కలో ఆ మనిషి ఇంకా బయల్దేరలేదు. ఆ తర్వాత కుక్క, సైకిలు, బంతి, బంతి వెనక పిల్లవాడు, అన్నీ ఊహించుకుని టపటపా నొక్కితే, వీడు గుడ్డిగా నొక్కుతున్నాడని ఆ వీడియో మొత్తానికి సున్నా పడుతుంది. అనుభవం ఎక్కువైనా తప్పే అని చెప్పే పరీక్ష నాకు తెలిసి ఇదొక్కటే.

ప్రతిపదార్థం. ఎఱ్ఱ యక్షరమును = తెల్ల పలక మీది ఎఱ్ఱని ఎల్‌ను; మోసి = కారు ముందూ వెనకా తగిలించుకొని; ఏగువాఁడు = సాగువాడు; అద్దమును = లోపలి అద్దాన్నీ ఇరుపక్కల అద్దాలనూ (జాత్యేకవచనం); చూచి = దీని సంగతి కింద చూడండి; సైగతోన్ = ఇండికేటరుతో; అవల జరిగి = లేను మారి, మలుపు తిరిగి, లేదా ఆగిన బస్సును దాటి; ఎడమను = ఎడమ సీటులో; మౌనగురువు = ఎగ్జామినరు; మాటలేక ఉండన్ = ఊరకుండగా; ఒక్క తప్పునన్ = ఒకే ఒక్క సీరియస్ తప్పుతో; గెలుపు ఎల్లన్ = అంతదాకా కూడబెట్టిన మంచి పేరునంతా; ఓడుఁ గాదె = పోగొట్టుకొనును గదా.

టీక. "ఎఱ్ఱ యక్షరము": బ్రిటన్‌లో పరీక్ష తప్పనిసరి అయింది 1935లో, ఈ పలకా అప్పటిదే. వేల్స్‌లో ఎల్‌కు బదులు డి పెట్టుకోవచ్చు, వెల్ష్ భాషలో నేర్చుకునేవాడి పేరు ఆ అక్షరంతో మొదలవుతుంది. కవి అక్షరం పేరు చెప్పకుండా రంగు మాత్రం చెప్పి ఊరుకున్నది అందుకే కాబోలు.

"అద్దమును జూచి": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. చూచి అంటే కళ్ళతో చూసి అని అర్థం చెప్పుకున్నవాళ్ళంతా తప్పారు, వ్యాఖ్యానంలోనూ పరీక్షలోనూ. మన డ్రైవరు అద్దం చూడడనడం అన్యాయం. చూస్తాడు. కనుపాపతో చూస్తాడు, తల కదలదు. ఒక కంటికొసతో ఆటోను, ఇంకో కంటికొసతో ఆర్టీసీ బస్సును ఒకే క్షణంలో పట్టుకోగలడు. కానీ ఆ చూపు ఎడమ సీటులో ఉన్నాయనకు కనిపించదు. కనిపించని చూపు చూడనట్టే లెక్క. అందుకని అక్కడి ఇన్‌స్ట్రక్టర్లు గంటకింతని పుచ్చుకుని మనవాళ్ళకు నేర్పేది చూడడం కాదు, గడ్డం తిప్పడం. ముందు లోపలి అద్దం, తర్వాత తిరగబోయే వైపు అద్దం, కదిలే ముందు భుజం మీదుగా బ్లైండ్ స్పాట్, మెడ పట్టేసేదాకా. అభినయ దర్పణం దృష్టిభేదాలు 8 చెప్పింది, గ్రీవాభేదాలు 4 చెప్పింది. దర్పణాన్ని చూసేటప్పుడు పట్టాల్సిన అభినయం మాత్రం చెప్పలేదు. ఆ లోటు డ్రైవింగ్ టెస్టు తీర్చింది.

ఇదంతా వట్టి నటన అని ఈసడించేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ వాదం నిలవదు. మన రోడ్డు మీద జాగ్రత్త చెవికి వినిపిస్తుంది. నేనున్నాను, వస్తున్నాను, చూసుకో అని హారన్ చెబుతుంది. అక్కడ ఆ దారి మూసేశారు. ఆగి ఉన్న బండి హారన్ కొట్టకూడదు, ఇళ్ళున్న చోట రాత్రి 11.30 నుంచి ఉదయం 7 దాకా కొట్టకూడదు, మిగతా వేళల్లో కొడితే తిట్టినట్టు. ఇక్కడ చెవి చేసే పని అక్కడ మెడ చెయ్యాలి. పక్కవాడు మనల్ని చూశాడో లేదో మనకు తెలియాలంటే వాడి తల తిరగాలి. ఎగ్జామినరు అడుగుతున్నది అదే.

"సైగతోన్": ఇండికేటరు అని అర్థం రాశాం. హెడ్‌లైటు మినుకుమనిపించడాన్ని కూడా కలుపుకోవచ్చా? హైవే కోడ్ ప్రకారం దానికి ఒకటే అర్థం: నేనిక్కడున్నాను. ఆచారంలో రెండు శాఖలున్నాయి. ఇరుకు వీధిలో ఎదుటి బండి లైటు కొడితే బ్రిటిష్ శాఖ వారికి "మీరు వెళ్ళండి" అని అర్థం. విజయవాడ శాఖ వారికి "నేను వస్తున్నా, నువ్వు ఆగు" అని అర్థం. మర్యాదకు లైటు కొట్టిన ముసలాయనా, దాన్ని చూసి మర్యాదగా ఆగిపోయిన మనవాడూ ఒకరికొకరు ఎదురుగా ఎంతసేపైనా నిలబడి ఉండగలరు. పరీక్షలో మాత్రం ఇండికేటరుతో సరిపెట్టుకోవడం మేలు.

"అవల జరిగి": చూపు, సైగ, కదలిక, ఈ మూడూ ఈ వరసలోనే జరగాలని కవి ఒక్క పాదంలో ఇమిడ్చాడు. కదిలాక చూడడం, తిరిగాక సైగ చెయ్యడం మన దగ్గర కూడా తప్పే, కాకపోతే అడిగేవాడు ఉండడు. రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి, ఇంకేం చెప్పక్కర్లేదు.

"మౌనగురువుండ నెడమను మాటలేక": మౌనం అన్నాక మళ్ళీ మాటలేక అనడం పునరుక్తి దోషమని ఆక్షేపణ. దోషం కాదు. మౌనాలు రెండు. మొదటిది స్వభావసిద్ధం. ఆయన మొదట 20 మీటర్ల దూరంలో ఉన్న నంబరు ప్లేటు చదవమంటాడు, బండి గురించి ఒక ప్రశ్న వేస్తాడు, దారి చెబుతాడు, ఆపైన ఏ శాటిలైట్ నావిగేషనుకో మాట అప్పగించి ఊరుకుంటాడు. వాతావరణం గురించి మాట్లాడని ఇంగ్లిషువాణ్ణి చూడాలంటే ఆ కారే ఎక్కాలి. రెండో మౌనం సందర్భాన్ని బట్టి వచ్చేది: మీరు తప్పు చేసిన మరుక్షణం నాటిది. ఒడిలో ఉన్న టాబ్లెట్ మీద వేలు ఒకసారి కదులుతుంది. ఏం రాశాడో చెప్పడు. అది చిన్న తప్పో, మొత్తం పోయిందో తెలియకుండా ఇంకో అరగంట నడపాలి.

దక్షిణామూర్తి మౌనంగా కూర్చుంటే చాలు, శిష్యుల సందేహాలు తీరిపోయాయంటారు. ఈయన వామమూర్తి. ఈయన మౌనంగా కూర్చుంటే సందేహాలు పుడతాయి. దక్షిణ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో పుచ్చుకుంటారు: మామూలు రోజుల్లో 62 పౌండ్లు, శని ఆదివారాల్లో 75.

ఇంకొక ఐతిహ్యం. 1956లో సూయజ్ గొడవ వల్ల పెట్రోలు కరువైనప్పుడు ఎగ్జామినర్లను రేషన్ పనికి పంపి పరీక్షలు ఆపేశారు. ఆ కొన్ని నెలలూ ఎఱ్ఱ అక్షరం వాళ్ళు పక్కన ఎవరూ లేకుండానే నడుపుకోవచ్చన్నారు. ఎడమ సీటు ఖాళీగా ఉన్న ఆ కాలం మన కవికి దక్కలేదు.

"ఒక్క తప్పున": ఇది అతిశయోక్తి, చిన్న తప్పులు 15 దాకా క్షమిస్తారు కదా అని పూర్వపక్షం. సమాధానం: తప్పులు మూడు రకాలు. మన ధర్మశాస్త్రాల లెక్కలో ఉపపాతకం, పాతకం, మహాపాతకం అనుకోవచ్చు. అద్దం ఒకసారి మరిస్తే ఉపపాతకం. ప్రతి మలుపులోనూ మరిస్తే అదే పాతకమవుతుంది. ఎగ్జామినరు బ్రేకు తొక్కాల్సివస్తే మహాపాతకం. పాతకం ఒక్కటి చాలు, మహాపాతకమూ ఒక్కటే చాలు. కవి చెప్పింది ఈ రెంటి గురించే. మనవాళ్ళకు ప్రత్యేకించినవి రెండు చెబుతాను. దిగుడులో పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదలడం ఒకటి, దాన్ని పొదుపని ఎవరూ అనరు, బండి మీద పట్టు వదిలేశాడంటారు. రెండోది దీనికి తిరగబడ్డది: భయపడి, దారి ఖాళీగా ఉన్నా రౌండబౌట్ దగ్గర కదలకుండా నిలబడడం. ఖాళీలో ముక్కు దూర్చి బతికినవాణ్ణి "దూర్చకు, దూర్చకు" అని ఇంట్లోవాళ్ళంతా హెచ్చరించి పంపితే, వాడు పాపం అక్కడ మర్యాదకు నిలబడి తప్పుతాడు.

"ఓడుఁ గాదె": ఓడితే మళ్ళీ రాయడానికి 10 పని దినాలు ఆగాలి. అది శాస్త్రం. లోకంలో తేదీ దొరకాలంటే నెలలు పడుతుంది. సోమవారం ఉదయం 6 గంటలకు కొత్త తేదీలు వదులుతారని తెలిసినవాళ్ళంతా, తత్కాల్ టికెట్ల మీద పెరిగిన జాతి కనుక, 5.55కే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఈలోగా థియరీ నెగ్గి రెండేళ్ళు దాటితే అది చెల్లదు, మళ్ళీ పఫిన్ దగ్గరికి రావాలి.

తాత్పర్యం. స్పష్టం.

ఛందో విశేషం. తేటగీతి. మొదటి పాదం చివరా మూడో పాదం చివరా సంధి చెయ్యకుండా వదిలేశాడని లాక్షణికులు మొహం చిట్లిస్తారు. స్టాప్ అని రాసి ఉన్న తెల్ల గీత దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, పాకుతూ దాటితే పాతకం. అలవాటైన చెయ్యి పాదాంతంలో కూడా ఆగింది.

ఫలశ్రుతి. ఈ పద్యం తెలిసి నెగ్గినవారికి ప్రొవిజనల్ కార్డు పోయి అసలు కార్డు పోస్టులో వచ్చును. ఆటోమేటిక్ కారులో నెగ్గినవారికి ఆటోమేటిక్ మాత్రమే ప్రాప్తించును. నెగ్గిన రెండేళ్ళ లోపు 6 పాయింట్లు పడినవారు కార్డు పోగొట్టుకుని థియరీ నుంచి మళ్ళీ మొదలుపెట్టవలెను. కారు ఇన్సూరెన్సు వాళ్ళలో చాలామందికి మాత్రం ఈ పద్యం పట్టదు. లైసెన్సు వచ్చి ఎన్నేళ్ళయిందని ఫోన్‌లో అడుగుతారు. పదిహేనేళ్ళు అని నోటిదాకా వస్తుంది. నిన్న వచ్చిందని చెప్పి, వాళ్ళు చెప్పే ప్రీమియం రాసుకోవలెను.