దుంగ వయసు, నగరం వయసు

మా ఫ్లాటు వీధి గుమ్మానికున్న టేకు ద్వారబంధం తాతగారి ఊళ్లో పడగొట్టిన మండువా లోగిలిది. బిల్డింగు కట్టి పదిహేనేళ్లు. రేపెవరైనా ఆ చెక్క గీకి, పరీక్షకు పంపి, దాని వయసే ఇంటి వయసని రాసేస్తే నేను తెల్లదొరల కాలంనాటి మూడో అంతస్తులో కాపురం ఉంటున్నట్టు లెక్క. లిఫ్టు కూడా వాళ్లే పెట్టించి ఉంటారు.

నవ్వకండి. ఇదే లెక్కతో 2002 జనవరిలో మనకో మహానగరం దక్కింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు గుజరాత్ పక్కన ఖంభాత్ సింధుశాఖలో కాలుష్యం సర్వే చేస్తుంటే, సోనార్ తెర మీద నలుచదరపు ఆకారాలు కనబడ్డాయి. ముప్ఫై నలభై మీటర్ల లోతు. మునిగి చూద్దామంటే బురదనీళ్లు, మనిషిని నిలవనివ్వని ఆటుపోట్లు. అంచేత పైనుంచే యంత్రం దించి, అందిందల్లా లాగారు. రాళ్లు, పెంకుల్లాంటివి, వాటితో ఒక కర్రముక్క. అప్పటి కేంద్రమంత్రి మురళీ మనోహర్ జోషి ఢిల్లీలో ప్రకటించేశారు: 9,500 ఏళ్లనాటి నాగరికత! హరప్పా నగరాలకు నాలుగున్నర వేల ఏళ్లే. పాపం, ఒక్క పూటలో మనవలైపోయాయి.

కర్రను పరీక్షించింది లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ). రెండు జవాబులకూ మధ్య సుమారు రెండు వేల ఏళ్ల తేడా. ప్రకటనలోకి పెద్ద అంకె ఎక్కింది. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పేటప్పుడు మనం చేసేదీ అదేగా!

ల్యాబుల్ని అనడానికేం లేదు. విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ తెచ్చిన పద్ధతి ఇది. చెట్టు బతికున్నన్నాళ్లూ గాలిలోంచి పీల్చుకున్న కార్బన్-14, అది చచ్చాక ప్రతి 5,730 ఏళ్లకూ సగానికి పడిపోతుంది. మిగిలింది కొలిచి, చెట్టు ఎప్పుడు చచ్చిందో చెబుతారు. అంతే. దానితో ఎవరేం కట్టారో, అసలు కట్టారో లేదో దుంగ చెప్పదు. నర్మద, తపతి, మహి, సబర్మతి వచ్చి కలిసే చోట వరదకు కొట్టుకొచ్చిన కర్రకు కరువా?

గొయ్యిలో గొంతుక్కూర్చుని బ్రష్షుతో మట్టి దులిపే పురావస్తు శాస్త్రజ్ఞుడు బొగ్గుముక్క దొరగ్గానే ఎగిరి గంతేయడు. అది ఏ పొరలో ఉంది, ఏ పొయ్యి పక్కన ఉంది, ఎలుక బొరియలోంచి జారిందా అని చూసి, రాసుకుని, అప్పుడు ల్యాబుకు పంపుతాడు. ఇక్కడ గొయ్యీ లేదు, పొరా లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పైగా సోమలింగానికి తొమ్మిదిన్నర వేల ఏళ్లు.

మన ఊళ్లలో ఇంతకన్నా మొనగాళ్లున్నారు. నల్లరాతి విగ్రహానికే కార్బన్ డేటింగ్ చేయించి అయిదు వేల ఏళ్లని తేల్చేస్తారు. ఎన్నడూ ఊపిరి పీల్చని రాయికి ఆ పరీక్షతో పనేమిటండీ? ఈసారి ఎవరైనా అలా చెబితే, ల్యాబుకు ఏ ముక్క పంపారో అడగండి. రాయి అన్నారా, కాఫీ తాగి వచ్చేయండి.