ముందు నీళ్లు, తర్వాతే నేను

నేను సిస్‌ప్లాటిన్‌ని. ఒక ప్లాటినం పరమాణువు, దానికి రెండు క్లోరిన్లు, రెండు అమ్మోనియాలు. అంతే నా ఒళ్లు. 1840లలోనే ఇటలీవాడు పెయిరోనె నన్ను తయారుచేసినా, నూరేళ్లకు పైగా ఎవరికీ కొరగాకుండా పడి ఉన్నాను. 1965లో మిషిగన్‌లో రోజెన్‌బర్గ్ కణవిభజన మీద కరెంటు ప్రభావం చూద్దామని బాక్టీరియా నీళ్లలో ప్లాటినం కడ్డీలు ముంచాడు. బాక్టీరియా చీలడం మానేసి దారాల్లా సాగింది. కరెంటు కాదు, కడ్డీల నుంచి కరిగి నాలాంటి రూపాలెత్తిన ప్లాటినం చేసిన పని అది. కణాలు చీలకుండా ఆపే నన్ను 1978లో అమెరికా క్యాన్సరు మందుగా ఒప్పుకుంది.

ఇప్పుడు నేను బెంగళూరులో ఒక ఆసుపత్రి అరలో, వెలుతురు తగలని చోట ఉన్నాను. ఫ్రిజ్‌లో పెట్టారంటే పలుకులు కడతాను. అల్యూమినియం సూది తగిలితే చెడిపోతాను. నా పట్టింపులు నావి!

కుందారపల్లి కూట్రోడ్డులో బస్సెక్కి వచ్చిన మామిడితోట కూలి ఆమెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు. రేడియేషన్ వారంలో ఐదు రోజులు, నేను వారానికోసారి. ఎత్తూ బరువూ చూసి, ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల లెక్కన నన్ను కొలుస్తారు. నాకంటే ముందు సెలైన్, వాంతులు రాకుండా మందు.

"నీళ్లు తాగక్కా, ఇంకో చెంబు."

"తాగి తాగి కడుపు చెరువైపాయ తల్లీ!"

నర్సమ్మ పట్టుబట్టడానికి కారణం నేనే. నెత్తుట్లో క్లోరైడు ఎక్కువ కనుక అక్కడ నా క్లోరిన్లు నన్ను అంటుకునే ఉంటాయి. కణంలో అది తక్కువ. అక్కడ అవి ఊడిపోతాయి, ఖాళీ అయిన చేతులతో డీఎన్‌ఏలోని గ్వానైన్లను పట్టి వంచేస్తాను. కణం దాన్ని సరిచేసుకోలేక చస్తుంది. రేడియేషన్ కొట్టిన దెబ్బలూ మానవు. కానీ అది గడ్డ కణమా, కిడ్నీ కణమా అని నేను చూడను. కిడ్నీలను కాపాడటానికే ఆ నీళ్లు. చెవుల్లో గుయ్యిమనే మోత కూడా నా పుణ్యమే. తమ్ముడు కార్బోప్లాటిన్ కిడ్నీలను అంతగా బాధించడు గానీ, ప్లేట్‌లెట్లను పడగొడతాడు.

అందుకే, నా వల్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడటానికి ప్రతిసారీ ముందు రక్తపరీక్ష. ఈ వారం ఆమెకు క్రియాటినిన్ పెరిగింది. డాక్టరమ్మ నా వంతు ఆపి, "రేడియేషన్‌కు మాత్రం రోజూ రావాలమ్మా" అంది.